ఆక్సిజన్ పల్లమెరుగు

(విజయవాడలో ఒక గ్రంథాలయం నిర్వహించిన ఆదివారం సభలో విశ్రాంత మత్తు వైద్యుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముప్పై నాలుగేళ్ల పాటు నా ఉద్యోగం మనుషుల ఊపిరి ఆపడం. కంగారు పడకండి, తిరిగి ఆడించే పూచీ కూడా నాదే. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు రోగికి జీవితాంతం గుర్తుంటుంది. మత్తు డాక్టరు పేరు బిల్లులో తప్ప ఎక్కడా కనిపించదు. బల్ల మీద పడుకున్నాక అందరూ మమ్మల్ని ఒకటే అడుగుతారు: "మళ్లీ మెలకువ వస్తుంది కదండీ?" వస్తుంది. ఆ మెలకువ వచ్చేదాకా నేను కళ్లు ఆర్పకుండా చూసేది ఒక్క ఆక్సిజన్ ప్రయాణాన్నే. ఇవాళ దాని గురించే చెబుతాను.

మత్తు ఇచ్చే ముందు ముక్కూ నోరూ కప్పేలా మాస్కు పెట్టి, మూడు నిమిషాలు బాగా పీల్చమంటాం. చాలామంది అదే మత్తు అనుకుని కళ్లు గట్టిగా మూసుకుంటారు. కాదు, అది ఉత్త ఆక్సిజన్. తర్వాత ఇచ్చే మందులతో ఊపిరి ఆగిపోతుంది. గొట్టం వేసి యంత్రానికి కలిపేదాకా ఆ మనిషికి కొంత వ్యవధి కావాలి. మామూలు గాలి పీలుస్తున్న మనిషికి ఊపిరి ఆగితే ఒకటి రెండు నిమిషాల్లో రక్తంలో ఆక్సిజన్ పడిపోవడం మొదలవుతుంది. మూడు నిమిషాలు ఉత్త ఆక్సిజన్ పీల్చిన ఆరోగ్యవంతుడికి సుమారు ఎనిమిది నిమిషాల గడువు దొరుకుతుంది. ఊపిరితిత్తుల్లో ఉన్న నైట్రోజన్‌ను ఖాళీ చేసి ఆ చోటంతా ఆక్సిజన్‌తో నింపుతాం, అంతే.

అంత అవస్థ ఎందుకంటే, మన ఒంట్లో ఆక్సిజన్‌కు గోదాము లేదు. కొవ్వు వారాలకు సరిపడా దాచుకుంటాం. నీళ్లు లేకుండా రెండు మూడు రోజులు ఈడుస్తాం. ఆవకాయ అయితే ఏడాదికి సరిపడా జాడీల్లో పెడతాం. ఆక్సిజన్ మాత్రం ఊపిరితిత్తుల్లో, రక్తంలో, కండరాల్లో ఉన్నదంతా కలిపినా సుమారు లీటరున్నర. ఊరికే కూర్చున్నా నిమిషానికి పావు లీటరు ఖర్చు. లెక్కకు ఆరు నిమిషాలు వస్తుంది కానీ అందులో చివరిదాకా వాడుకోగలిగింది కొంతే. గుండె ఆగితే పది, పదిహేను సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. రోడ్డు మీద మనిషి కుప్పకూలి ఊపిరి ఆడకపోతే, అంబులెన్సుకు ఫోను చేస్తూనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కమనేది ఇందుకే. నీళ్లు చల్లుతూ, తాళంచెవులు చేతిలో పెడుతూ కూర్చుంటే ఆ నాలుగు నిమిషాలు కరిగిపోతాయి.

సరే, గాలిలోంచి ఆక్సిజన్ లోపలికి ఎలా వెళుతుంది? "ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను లాక్కుంటాయి" అని చిన్నప్పుడు చదువుకున్నాం. లాక్కోవు. పొట్టకూ ఛాతీకీ నడుమ ఉన్న ఉదరవితానం కిందికి దిగినప్పుడు గాలి లోపలికి వస్తుంది, అంతవరకే మన ప్రయత్నం. ఆ గాలిలోంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను తోసే పంపు ఏదీ లేదు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారు కదా. ఆక్సిజన్‌కు కూడా పల్లమే తెలుసు. ఒత్తిడి ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి జారుతుంది. ఇంకేమీ తెలియదు దానికి. ఒంటి కష్టమంతా ఆ పల్లాన్ని నిలబెట్టడం కోసమే.

బ్యారేజీ పక్కన పెరిగినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. పైన కృష్ణ నిలబడుతుంది. అక్కడి నుంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. వాటి నుంచి చిన్న కాలువలు, వాటి నుంచి పంట బోదెలు, చివర మడి. ఒక్కో చోట మట్టం కాస్త కాస్త దిగుతుంది కాబట్టే నీరు పారుతుంది. ఆక్సిజన్‌కూ అలాంటి మట్టాలున్నాయి. పాదరసం మిల్లీమీటర్లలో కొలుస్తాం. మనం దాదాపు సముద్రమట్టంలోనే ఉన్నాం కనుక ఇక్కడ గాలి ఒత్తిడి సుమారు 760. అందులో ఆక్సిజన్ వాటా 21 శాతం, అంటే 160. ముక్కులో తడి కలిసేసరికి 150. ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న గాలి సంచుల్లో, అంటే వాయుగోణుల్లో, 100, ఎందుకంటే అక్కడ పాత గాలి, బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) చోటు ఆక్రమించి ఉంటాయి. ధమనుల్లో 95. కణజాలాన్ని దాటి వెనక్కి వచ్చే రక్తంలో 40. కణం లోపల, ఆక్సిజన్ నిజంగా ఖర్చయ్యే మైటోకాండ్రియా దగ్గర, ఒంటి అంకెల్లోకి దిగవచ్చు. 160 నుంచి అక్కడిదాకా ఒకటే వాలు.

ఆ వాయుగోణులు కోట్లలో, ముప్పై కోట్లకు తక్కువ కాకుండా ఉంటాయి. విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, ఒక చిన్న అపార్టుమెంటు ఫ్లాటు వైశాల్యం. గాలికీ రక్తానికీ మధ్య గోడ మందం మైక్రాన్‌లో సగం. రక్తకణం ఆ గోడ పక్కన ఉండేది ముప్పావు సెకను. నిండడానికి పట్టేది పావు సెకనే. మిగిలిన అర సెకను మనం పరుగెత్తినప్పటి కోసం. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, న్యుమోనియా వచ్చినా ముందు కరిగిపోయేది ఆ అర సెకను వెసులుబాటే. అందుకే అలాంటి రోగి మంచం మీద బాగానే కనిపించి, బాత్‌రూమ్‌దాకా నడిస్తే ఆయాసపడతాడు.

పల్లం సంగతి పుస్తకంలో చదివినప్పుడు నాకు పెద్దగా ఎక్కలేదు. ఎక్కించింది ఒక బావి. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. గుంటూరు వైపు ఒక పల్లె నుంచి ముగ్గురిని ట్రాక్టరులో తెచ్చారు. వాడకం లేని పాత బావిలో మోటారు చూద్దామని ఒకతను దిగాడు, పడిపోయాడు. తమ్ముడు దిగాడు. తర్వాత పక్క పొలం ఆయన. ముగ్గురూ ఈతగాళ్లే, కండ ఉన్నవాళ్లే. ముగ్గురిలో ఒక్కరూ దక్కలేదు. వాళ్ల పెదనాన్న నన్ను పట్టుకుని అడిగాడు: "రెండు నిమిషాలు నీళ్లలో ఊపిరి బిగబట్టే పిల్లాడయ్యా, పది లెక్కపెట్టేలోపు ఎలా పడిపోతాడు?"

ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. జవాబు పల్లంలోనే ఉంది. ఊపిరి బిగబట్టినప్పుడు లోపలి ఆక్సిజన్ లోపలే ఉండి మెల్లగా ఖర్చవుతుంది. ఆక్సిజన్ దాదాపు లేని గాలిని పీల్చినప్పుడు వాలు తిరగబడుతుంది. ఒంట్లోంచి వచ్చే రక్తంలో ఇంకా 40 మట్టం ఉంది, వాయుగోణుల్లో అంతకంటే తక్కువ ఉంది. గోడకు ఇటు అటు అనే భేదం తెలియదు కదా, రక్తంలో ఉన్న ఆక్సిజన్ వెనక్కి ఊపిరితిత్తుల్లోకి జారి, నిశ్వాసంతో బయటికి పోతుంది. ప్రతి ఊపిరీ ఇంకాస్త తోడేస్తుంది. రెండు మూడు ఊపిరులు, ఆ రక్తం మెదడు చేరడానికి కొన్ని సెకన్లు. అంతే. పాత బావులు, సెప్టిక్ ట్యాంకులు, ధాన్యం పాతరలు అన్నీ ఇదే బాపతు. లాంతరు దింపి చూసే అలవాటు మన పెద్దలకు ఉండేది. దీపం ఆరితే ఆక్సిజన్ తగ్గిందని అర్థం, నిజమే. దీపం వెలిగినంత మాత్రాన అక్కడ విషవాయువు లేదని మాత్రం కాదు. మండే వాయువు ఉంటే ఆ దీపమే కొంప ముంచుతుంది. కాపాడాలని వెనకే దిగినవాడే రెండో శవం అవుతాడు. ఫైర్ సర్వీసువాళ్లు గాలి సిలిండరు కట్టుకుని వచ్చేదాకా ఎవరూ దిగకూడదు, కన్నకొడుకు లోపల ఉన్నా సరే. చెప్పడం సులువని నాకు తెలుసు.

ఇక రక్తం. ఆక్సిజన్ నీటిలో సరిగా కరగదు. లీటరు రక్తపు ద్రవంలో కరిగి ఉండేది మూడు మిల్లీలీటర్లు. గుండె నిమిషానికి అయిదు లీటర్లు పంపుతుంది. అంటే నిమిషానికి పదిహేను మిల్లీలీటర్లు. మనకు కావలసింది 250. ఈ లోటు పూడ్చడానికే హిమోగ్లోబిన్ ఉంది. గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాములున్న మనిషికి లీటరు రక్తంలో 200 మిల్లీలీటర్లు ఎక్కుతాయి. నిమిషానికి లీటరు రవాణా, పావు లీటరు ఖర్చు. మిగిలిన ముప్పావు వంతు తిరిగి వచ్చేస్తుంది. దుబారా అనకండి, మెట్లెక్కేటప్పుడు, జ్వరం వచ్చినప్పుడు అందులోంచే తీసుకుంటాం. గుండె విషయంలో ఒక చిన్న లెక్క చెప్పి ముందుకు వెళతాను. నిమిషానికి అయిదు లీటర్లంటే రోజుకు 7,200. వేసవిలో మన వీధుల్లోకి వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకరు దీని ముందు దిగదుడుపు.

ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుము పరమాణువులు, అంటే నాలుగు సీట్లు. బెంజి సర్కిల్ దగ్గర షేర్ ఆటో చూడండి. ఖాళీ ఆటో ఎక్కడానికి అందరూ తటపటాయిస్తారు, ఎప్పటికి కదులుతుందో అని. ఒకరు కూర్చుంటే రెండోవారు కూర్చుంటారు, ఆ తర్వాత చకచకా నిండుతుంది. హిమోగ్లోబిన్ కూడా అంతే, మొదటి ఆక్సిజన్ కూర్చోగానే అణువు ఆకారం మారి తక్కిన సీట్లు సుముఖమవుతాయి. దిగేటప్పుడూ అదే తంతు, ఒకరు దిగితే మిగతావారు త్వరగా దిగుతారు. ఈ ఆకారాన్ని ఎక్స్-రేలతో విప్పిచూపిన మాక్స్ పెరుట్జ్‌కు 1962లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. ఒత్తిడి 100 దగ్గర సీట్లు 97 శాతం నిండి ఉంటాయి. 60కి పడిపోయినా 90 శాతం నిండే ఉంటాయి. అక్కడి నుంచి 40కి దిగితే 75. అంటే పైన మట్టం చాలా తగ్గినా పెద్దగా నష్టం కనిపించదు, 90 దాటి కిందికి దిగితే జారుడే. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రోజుల్లో, ఇంటింటా వేలికి క్లిప్పు (పల్స్ ఆక్సిమీటర్) పెట్టుకుని కూర్చున్నాం కదా, 94, 92, 90 అని అంకెలు చదువుతూ. మా అపార్టుమెంటులో ఒక పెద్దాయన రాత్రి మూడింటికి నాకు ఫోను చేసి "97 నుంచి 96కి వచ్చింది" అన్నారు. పడుకోమన్నాను. మర్నాడు ఇంకొకాయన "88, కానీ నాకేమీ ఆయాసం లేదు, పేపరు చదువుకుంటున్నాను" అన్నారు. ఆయన్ను మాత్రం ఉన్నపళాన ఆసుపత్రికి పంపించాను.

ఆయాసం లేకుండా ఎలా అంటే, ఊపిరి పీల్చాలనే తపన పుట్టించేది ప్రధానంగా ఆక్సిజన్ కొరత కాదు, బొగ్గుపులుసు వాయువు పోగుపడటం. అది బయటికి సాఫీగా పోతున్నంతసేపు మెదడు గట్టిగా గోల చేయదు. ఈ సంగతి తెలియకే ఘాట్ల దగ్గర కుర్రాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. నీళ్లలో ఎక్కువసేపు మునిగి ఉండాలని గట్టు మీద నిలబడి పది, పదిహేనుసార్లు గబగబా ఊపిరి తీస్తారు. దానివల్ల ఆక్సిజన్ పెరగదు, సీట్లు అప్పటికే నిండి ఉన్నాయి కదా. తగ్గేది బొగ్గుపులుసు వాయువు. అంటే అలారం తీగ కత్తిరించి నీళ్లలో దిగుతున్నారు. పైకి రావాలనిపించక ముందే ఆక్సిజన్ అయిపోయి నీటి అడుగునే స్పృహ పోతుంది. మీ ఇళ్లలో ఈత నేర్చిన పిల్లలుంటే ఈ ఒక్క ముక్క చెప్పండి.

ఆ వేలి క్లిప్పు గురించి కూడా. 1970ల్లో జపాన్‌కు చెందిన తకువో అయోయాగి కనిపెట్టిన సూత్రం అది. ఎర్ర కాంతి, కంటికి కనిపించని పరారుణ కాంతి వేలిలోంచి పంపి, నాడి కొట్టుకున్నప్పుడల్లా రక్తం రంగు చూస్తుంది. మా వృత్తిని దాని ముందు, దాని తర్వాత అని విడగొట్టవచ్చు. అంతకుముందు మేం రోగి పెదవులు, గోళ్లు నీలమయ్యాయా అని చూసేవాళ్లం. నీలం కనిపించేసరికే ఆలస్యం అయ్యేది. అయితే ఈ యంత్రం చెప్పేది ఒకటే, ఉన్న ఆటోల్లో సీట్లు ఎంత శాతం నిండాయి అని. ఆటోలు ఎన్ని ఉన్నాయో చెప్పదు. ఒకామె కాన్పు ఆపరేషన్‌కు వచ్చింది, వేలి మీద 99. వాళ్ల అత్తగారు సంతోషంగా "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందట" అంటోంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఆరు. అంటే లీటరుకు 200 మోయాల్సిన రక్తం 80 మోస్తోంది. అన్ని ఆటోలూ నిండుగానే ఉన్నాయి, ఉన్నవే తక్కువ. గుండె రెట్టింపు వేగంతో తిప్పి ఆ లోటు పూడుస్తోంది. ఆపరేషన్‌లో కాస్త రక్తం పోతే ఆ గుండె ఏం చేయాలి? రక్తం సీసాలు దగ్గర పెట్టుకుని గానీ నేను మొదలుపెట్టలేదు. అలాంటివాళ్లు అరుదు అనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. సిలిండర్ల కోసం 2021లో రోడ్డెక్కాం. ఈ రవాణా కొరత కోసం ఎవరూ రోడ్డెక్కరు.

ఇంకో మోసం కార్బన్ మోనాక్సైడ్. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే అది రెండు వందల రెట్లకు పైగా ఇష్టం. సీట్లలో తప్పుడు ప్రయాణికులు కూర్చుంటారు, క్లిప్పు వాళ్లను కూడా లెక్కేసి 98 అంటుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, మూసిన షెడ్డులో జనరేటరు పెట్టకండి.

కాలువ చివరికి వద్దాం. మన దగ్గర శివారు భూములకు నీరందని గోడు అందరికీ తెలుసు. ఒంటిలో ఆ గోడు రాకుండా అమర్చిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటే. దాదాపు ఏ కణమూ కేశనాళికకు, అంటే అతి సన్నని రక్తనాళానికి, ఒక వెంట్రుక మందం కంటే ఎక్కువ దూరంలో ఉండదు. కీళ్ల మృదులాస్థి, కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర లాంటివి మినహాయింపు. ఆ కంటి పొర నేరుగా బయటి గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటుంది, కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోవద్దనేది అందుకే. ఇక కండరాల్లో అన్ని బోదెలూ ఎల్లప్పుడూ పారవు. విశ్రాంతిలో కొన్నే పారతాయి, పని మొదలవగానే తక్కినవి తెరుచుకుంటాయి. కాలువ నీటిని వంతులవారీగా వదిలే మన వారబందీ లాంటిదే కానీ ఇక్కడ నీరు వదిలే లస్కరును బతిమాలుకోనక్కరలేదు. దీన్ని చూపినందుకే డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్‌కు 1920లో నోబెల్ ఇచ్చారు. ఆయన గురువు క్రిస్టియన్ బోర్. పరమాణు నిర్మాణం చెప్పిన నీల్స్ బోర్‌కు తండ్రి. 1904లో వీళ్లు గమనించింది ఏమిటంటే, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉన్న చోట హిమోగ్లోబిన్ పట్టు సడలుతుంది. పని చేస్తున్న కండరం ఆ వాయువును విడుదల చేస్తుంది, వేడెక్కుతుంది, ఆమ్లమవుతుంది. ఆ మూడూ చూసి ఆక్సిజన్ అక్కడే ఎక్కువగా దిగుతుంది. ఎవరు కష్టపడుతున్నారో వాళ్లకే కూలి.

కణంలోకి వెళ్లాక ఆక్సిజన్ చేసే పని ఆఖరి మెట్టు మీద నిలబడి చేయి చాచడం. మనం తిన్న అన్నంలోంచి విడిపోయిన ఎలక్ట్రాన్లు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ వస్తాయి. చివర అందుకునేది ఆక్సిజన్. ఆ మార్పిడిలో పుట్టిన శక్తి ఏటీపీ అనే అణువులో చేరుతుంది. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజ్ నుంచి రెండు ఏటీపీలు మిగులుతాయి, ఉంటే ముప్పై దాకా. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలికితీసినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు. సుబ్బారావు గారి ఆధ్వర్యంలోనే 1945లో లెడర్లే సంస్థ పరిశోధకులు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. అది లేకపోతే ఎర్ర రక్తకణాలు సరిగా తయారు కావు. అంటే ఆక్సిజన్‌ను మోసే బండి దగ్గరా, ఆక్సిజన్ దిగే మజిలీ దగ్గరా ఆయన చేయి ఉంది. గర్భిణులకు ఇచ్చే ఆ చిన్న మాత్ర చూసినప్పుడల్లా నాకు ఈ మాట చెప్పాలనిపిస్తుంది, చెబితే "రోజుకొకటా డాక్టర్‌గారూ, రెండా?" అంటారు. (నవ్వులు)

ఎలక్ట్రాన్లు అందుకున్న ఆక్సిజన్ ఏమవుతుంది? బొగ్గుపులుసు వాయువుగా మారి బయటికి వస్తుందని చాలామంది, కొందరు మాస్టార్లు కూడా అంటారు. కాదు. నీరవుతుంది. మనం వదిలే బొగ్గుపులుసు వాయువులో ఉన్న ఆక్సిజన్ తిండి నుంచి, ఒంట్లోని నీటి నుంచి వచ్చింది. పీల్చినది నీరై రక్తంలో కలుస్తుంది. తిన్నది కరిగే క్రమంలో రోజుకు దాదాపు గ్లాసున్నర నీరు అలా లోపలే పుడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దావిడ: బాబూ, రాత్రిళ్లు కూడా రావిచెట్టు ఆక్సిజన్ ఇస్తుందని, దాని కింద పడుకోమని ఫోనులో వస్తోంది. నిజమేనా?)

లేదమ్మా. ఎండ లేనిదే ఏ చెట్టూ ఆక్సిజన్ విడవదు, రాత్రి అది కూడా మనలాగే ఖర్చు పెడుతుంది. అయితే భయపడనక్కరలేదు, చెట్టు కింద గాలి ఎప్పుడూ కదులుతూ ఉంటుంది, అక్కడా 21 శాతమే. చల్లగా ఉంటే పడుకోండి. రాత్రి మొక్కలు ఏం చేస్తాయో చూడాలంటే కైకలూరు వైపు ఎవరినైనా చేపల రైతును అడగండి. లీటరు గాలిలో 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటే, లీటరు చెరువు నీటిలో ఉండేది మహా అయితే ఆరు. పగలంతా నీటిలోని పచ్చని నాచు దాన్ని పెంచుతుంది, రాత్రంతా అదే నాచు, చేపలు కలిసి తాగేస్తాయి. అందుకే అక్కడ గండం ఎప్పుడూ తెల్లవారుజామునే. చేపలు నోళ్లు తెరిచి పైకి తేలతాయి. ఆ వేళ కరెంటు పోయి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, రైతు చొక్కా కూడా వేసుకోకుండా జనరేటరు దగ్గరికి పరుగెడతాడు.